గల్లా దాకా రాని గిరాకీ

మన సమాఖ్య సరుకులకు వెబ్‌సైట్ పెట్టిన నాలుగు నెలలకు, ఆ సైట్ తయారుచేసిన పిలగాడు నెల సమావేశానికి వచ్చి "చూసేటోళ్లు మంచిగనే వస్తున్నరు అక్కా, కన్వర్షనే లేదు" అన్నడు. కన్వర్షన్ అనంగనే మా కోశాధికారి వదిన "ఏ సర్వే నంబరుది?" అని అడిగింది. అందరం నవ్వినం. మన దిక్కు కన్వర్షన్ అంటే సాగుభూమిని ప్లాట్ల కింద మార్చుడు, దానికోసం ఆఫీసు చుట్టూ తిరుగుడు. పిలగాడు చెప్పింది వేరే. సైట్‌లోకి వచ్చిన వంద మందిలో ఎంతమంది చివరిదాకా పోయి పైసలు కట్టిన్రు అనేదాన్ని వాళ్ల పనిలో కన్వర్షన్ అంటరట.

కాళేశ్వరం గుడికాడ స్టాల్ పెట్టినప్పుడు మనకు ఈ మాటతో అవసరం పడలేదు. సంగమంలో స్నానం చేసి, దర్శనం చేసుకొని వచ్చిన మనిషి స్టాల్ ముందట ఆగుతది. చీర చేతిలోకి తీసుకొని చూస్తది, ధర అడుగుతది, ఎక్కువంటది, నాలుగడుగులు పోతది, మళ్లొస్తది. కొనకుండ పోయినా ఎందుకు పోయిందో మొఖం చూస్తే తెలుస్తది. వెబ్‌సైట్‌లో మొఖం కనపడదు. గిరాకీ వచ్చిందని తెలుస్తది గానీ, గల్లా దాకా రాకుండ ఎక్కడ మళ్లిందో తెలియదు.

నేను పద్దెనిమిదేళ్లు సంఘం పుస్తకాలు రాసినదాన్ని. కంప్యూటర్ చదువు చదవలేదు. ఆ నాలుగు నెలలు అమ్మకం లేక, మహదేవ్‌పూర్ దసలి చీరలు బీరువాలో ఉండిపోయి, నేసినోళ్లకు జవాబు చెప్పలేక కూర్చున్నప్పుడు ఈ సంగతి మీద మనసు పడ్డది. చదివినవీ, అడిగి తెలుసుకున్నవీ, కండ్లారా చూసినవీ ఇక్కడ రాస్తున్నాను. వెబ్‌సైట్ కంటే ముందు దుకాణం సంగతి చెప్పాలి. ఎందుకంటే వెబ్‌సైట్ చేసినోళ్లు దుకాణాన్ని చూసే అన్నీ పెట్టిన్రు.

వెనకట ఏ దేశంలోనైనా దుకాణమంటే ఒకటే తీరు. గల్లా మీద సేటు కూర్చుంటడు, సరుకు ఆయన వెనక ఉంటది, మనం అడిగితే తీసి ఇస్తడు. అమెరికాలోని మెంఫిస్ పట్టణంలో క్లారెన్స్ సాండర్స్ అనే వ్యాపారి 1916లో ఆ పద్ధతి మార్చిండు. పిగ్లీ విగ్లీ అని పేరుపెట్టిన ఆయన దుకాణంలో కొనేవాళ్లే లోపలికి పోయి అరల నుంచి సరుకు తీసుకొని, చివరన ఒక్కచోట పైసలు కట్టి బయటికి రావాలి. ఇప్పుడు మనం చూసే సూపర్‌మార్కెట్లకు అదే మూలం. తర్వాత ఇరవై ఏళ్లకు, 1937లో, ఓక్లహోమా సిటీలో సిల్వన్ గోల్డ్‌మన్ అనే ఇంకో వ్యాపారి ఒక సంగతి గమనించిండు. చేతిలో బుట్ట బరువైతే ఆడవాళ్లు కొనుడు ఆపి వెళ్లిపోతున్నరు. మడతకుర్చీని చూసి, దానికి చక్రాలు పెట్టి, రెండు బుట్టలు తగిలించి తోపుడుబండి తయారుచేయించిండు. మొదట్ల ఎవరూ ముట్టలేదు. అప్పుడు ఆయన కొంతమందిని జీతానికి పెట్టి, గిరాకీ లెక్క ఆ బండ్లు తోసుకుంట దుకాణంలో తిరగమన్నడు. వాళ్లను చూసి మిగిలినోళ్లు కూడా అలవాటు పడ్డరు.

ఈ కథ ఎందుకు చెప్తున్ననంటే, మన సైట్‌లో కుడిపక్క పైన చిన్న బొమ్మ ఒకటి ఉండె. మా సభ్యురాలు ఒకామె దాన్ని చూసి "ఈ పిల్లల బండి ఏందక్కా?" అని అడిగింది. అది గోల్డ్‌మన్ బండే. పెద్ద పట్నంలో సూపర్‌మార్కెట్‌లో తిరిగినోళ్లకు ఆ బొమ్మ చూడంగనే తెలుస్తది. అంగడిలో సంచి పట్టుకొని తిరిగేటోళ్లకు అదేందో ఎట్ల తెలుస్తది? చేసినోడు తనకు తెలిసిన లోకాన్నే బొమ్మలో పెడతడు. అందులో దురుద్దేశం ఏమీ లేదు, కానీ నష్టం మాత్రం కొనేవాళ్లకూ అమ్మేవాళ్లకూ.

దుకాణం కంప్యూటర్‌లోకి వచ్చినంక మొదటి పెద్ద మార్పు అమెజాన్ చేసింది. ఒక్కసారి చిరునామా, కార్డు వివరాలు ఇస్తే తర్వాత ఒక్క నొక్కుతో కొనేటట్టు పెట్టి, 1999లో దానికి పేటెంట్ కూడా తీసుకున్నరు. ఒక బటన్‌కు పేటెంట్ ఏందని అప్పట్లో చానమంది ఆశ్చర్యపోయిన్రు. ఒక మెట్టు తగ్గితే ఎంత లాభమో ఆ కంపెనీకి ముందే తెలుసన్నమాట.

నాకు అంతకంటే ఎక్కువ నచ్చిన కథ ఇంకోటి ఉంది. జారెడ్ స్పూల్ అనే ఆయన 2009లో రాసిండు. కంపెనీ పేరు చెప్పలేదు గానీ, ఒక పెద్ద అమ్మకం సైట్‌లో జనం సరుకులు ఎంచుకొని, పైసలు కట్టే ముందర ఆగిపోతున్నరు. అక్కడ ఒక చిన్న ఫారం ఉంది. దాంట్లో ఈమెయిల్, పాస్‌వర్డ్ అని రెండు గడులు, లాగిన్, రిజిస్టర్ అని రెండు బటన్లు ఉన్నయి. అంతే. స్పూల్ మనుషులు కొనేవాళ్ల పక్కన కూర్చొని చూసిన్రు. కొత్తగా వచ్చినోళ్లకు రిజిస్టర్ అనంగనే కోపం. సరుకు కొనుక్కుందామని వస్తే మాతో సంబంధం పెట్టుకొమ్మంటరేంది అన్నట్టు. పాతోళ్లకు పాస్‌వర్డ్ యాదికి లేదు. ఆ రిజిస్టర్ బటన్ తీసేసి, దాని జాగలో 'ముందుకు సాగండి' అనే బటన్ పెట్టి, ఖాతా తెరవకున్నా కొనొచ్చని రెండు ముక్కలు రాసిన్రు. కొనుగోలు పూర్తిచేసినోళ్లు 45 శాతం పెరిగిన్రు. మొదటి ఏడాదే ముప్పై కోట్ల డాలర్లు ఎక్కువ అమ్మకం జరిగిందని ఆయన రాసిండు.

మన సైట్‌లో చీర రంగు చూడాలన్నా ముందు రిజిస్టర్ కావాల్నని పెట్టిన్రు. మనమే పెట్టమన్నం. ఎవరెవరు వస్తున్నరో నంబర్లు దగ్గర ఉంటే మంచిదని తీర్మానం రాసింది నేనే.

ఇక మన దేశం సంగతి. రైల్వే టికెట్ల సైట్ ఐఆర్‌సీటీసీ 2002 ఆగస్టులో మొదలైంది. అప్పట్లో టికెట్ కంప్యూటర్‌లో కొన్నా కాగితం మాత్రం కొరియర్‌లో ఇంటికి రావాలె. రేపటి ప్రయాణానికి ఈరోజు కొనలేం. 2005లో ఈ-టికెట్ వచ్చినంకనే అది నిజంగా పనికొచ్చే వస్తువైంది.

బస్సు టికెట్లది మనోళ్ల కథ. నిజామాబాద్ దిక్కు పిలగాడు ఫణీంద్ర సామ బెంగళూరులో ఉద్యోగం చేసుకుంట, 2005 దీపావళికి ఇంటికి వద్దామని బస్సు టికెట్ కోసం ఏజెంట్ల చుట్టూ తిరిగితే దొరకలేదు. ఏ బస్సులో సీటు ఉందో ఏ ఏజెంటుకూ పూర్తిగా తెలియదు. ఒక్కొక్కని దగ్గర కొన్ని సీట్లు, ఫోన్ మీద ఫోన్. సీటు ఖాళీగనే పోతది, మనిషి ఇక్కడనే ఉంటడు. ఆయన, సుధాకర్ పసుపునూరి, చరణ్ పద్మరాజు కలిసి 2006లో రెడ్‌బస్ పెట్టిన్రు. వాళ్ల సైట్‌లో నాకు గొప్పగ అనిపించేది సీట్ల పటం. బస్సును పైనుంచి చూసినట్టు గీసి, ఏ సీటు ఖాళీ, ఏది ఆడవాళ్లకు అని రంగుతో చూపిస్తది. ఆడపిల్లను ఒక్కదాన్ని రాత్రి బస్సు ఎక్కించే తల్లికి ధర కంటే ముందు కావాల్సింది అదే. పక్కన ఎవరు కూర్చుంటరో తెలియక ఆగిపోయే టికెట్ ఆ ఒక్క పటంతో అమ్ముడుపోతది. 2013లో రెడ్‌బస్‌ను ఐబిబో సంస్థ కొన్నది. ఫణీంద్ర సామను 2018లో తెలంగాణ ప్రభుత్వం ముఖ్య ఇన్నొవేషన్ అధికారిగా పెట్టుకుంది.

దుకాణంలో గిరాకీ మళ్లిపోతే ఇంకో దుకాణం ఉంటది. సర్కారు పనికి ఇంకో దుకాణం లేదు. మధ్యలో ఆగిపోయిన దరఖాస్తు అంటే రాని పింఛన్, రాని సర్టిఫికెట్. అందుకే ఆ దిక్కు చరిత్ర మనకు ఇంకా దగ్గరిది. హైదరాబాద్‌లో 2001లో ఈ-సేవ కేంద్రాలు వచ్చినయి. కరెంటు బిల్లుకు ఒక లైన్, నల్లా బిల్లుకు ఒక లైన్ పోయి ఒక్క కిటికీ అయింది. 2011 నవంబరులో మీసేవ మొదలైనప్పుడు ముందుగా పెట్టిన జిల్లాల్లో అప్పటి కరీంనగర్ కూడా ఉంది. మన కాళేశ్వరం, మహదేవ్‌పూర్ అప్పుడు కరీంనగర్ జిల్లానే. 2016 అక్టోబరులో జిల్లాలు విడదీసినంక ఇటు భూపాలపల్లికి వచ్చినం. ఆదాయం, కులం సర్టిఫికెట్లకు తహసీల్ ఆఫీసులో మూడు టేబుళ్లు తిరిగిన నా అసొంటోళ్లకు మీసేవ పెద్ద మేలు. కానీ ఒకటి చెప్పాలి. మీసేవలో తెర ముందట కూర్చునేది మనం కాదు, ఆపరేటర్. మనకు చదవరాని ఫారం ఆయన చదువుతడు, మనం తప్పు చెప్తే దిద్దుతడు. ఫారం ఎంత కష్టంగ ఉన్నా ఆ కష్టం ఆయన మింగుతడు, మనం పైసలిచ్చి బయటపడ్తం. అందుకనే ఫారం బాగుచేయాలన్న తొందర చానారోజులు ఎవరికీ రాలేదని నాకు అనిపిస్తది. ఇది నా అభిప్రాయం మాత్రమే, ఆపరేటర్లను తప్పుపట్టుడు కాదు.

నడుమ మనిషి లేకపోతే ఏమైతదో కరోనా ఏడాది చూసినం. 2021 మే 1 నుంచి 18 ఏళ్లు దాటినోళ్లకు టీకా అన్నరు. కానీ 45 ఏళ్ల లోపోళ్లు ముందుగాల కోవిన్‌లో పేరు రాసుకోవాలె. ఆ సైట్ మొదట ఇంగ్లీషులోనే ఉండె. స్లాట్లు తెరిచిన నిమిషాల్లో అయిపోయేవి. మన వీవోఏలు రాత్రి పన్నెండు దాకా ఫోన్లు పట్టుకొని కూర్చున్నరు. ఓటీపీ ఒకరి ఫోన్‌కు వస్తది, ఆధార్ ఇంకొకరి సంచిలో ఉంటది. మే 24న సర్కారు కేంద్రాల్లో అక్కడికక్కడే పేరు రాసుకోవచ్చని చెప్పినంక కొంత ఊపిరాడింది. జూన్‌లో సైట్‌లోకి తెలుగుతో పాటు మిగిలిన భాషలు వచ్చినయి. చాన పెద్ద సంస్థల తీరు కూడా ఇంతే. ఫ్లిప్‌కార్ట్, అమెజాన్ తెలుగులో కనబడ్డది 2020లోనే. తెలుగు లిపికి యూనికోడ్‌లో 1991లోనే జాగ దొరికింది. అంటే దాదాపు ముప్పై ఏళ్లు కంప్యూటర్‌కు తెలుగు వచ్చు, దుకాణానికి రాదు.

దీనికి ఎదురుగ ఇంకో ఉదాహరణ పెడ్త. 2023 డిసెంబరు 9న మహాలక్ష్మి కింద ఆడవాళ్లకు ఉచిత బస్సు మొదలైంది. దానికి దరఖాస్తు లేదు, రిజిస్ట్రేషన్ లేదు, పాస్‌వర్డ్ లేదు. ఆధార్ చూపిస్తే కండక్టర్ జీరో టికెట్ కొట్టి ఇస్తడు. మొదటి రోజే బస్సులు కిటకిటలాడినయి. పథకం మీద ఎవరి అభిప్రాయం ఏదైనా, అడుగు తీసేస్తే ఎంతమంది గమ్యం చేరుతరో తెలుసుకోవడానికి అంతకంటే పాఠం లేదు.

మన సంఘాల చరిత్రలో కూడా ఇసొంటి మలుపు ఒకటి ఉంది. కొత్తగా వచ్చిన సభ్యురాళ్లు ఇది తెలుసుకోవాలె.

డ్వాక్రా 1982లో దేశంలో మొదలైంది. బ్యాంకులతో సంఘాలను కలిపే పనిని నాబార్డు 1992లో మొదలుపెట్టింది. కాగితం మీద మంచి ఏర్పాటే. అసలుకు పోతే, తీర్మానం రాయాలె, ఇంటర్‌సే అగ్రిమెంట్ మీద అందరి సంతకాలు కావాలె, ఫొటోలు కావాలె, బ్యాంకుకు పోతే సార్ లేడు, మళ్ల పోతే ఒకామె రాలేదు. పోయినప్పుడల్లా పది మంది కూలి పోతది. అదే సమయంలో మైక్రోఫైనాన్స్ ఏజెంట్లు ఇంటి అరుగు మీదికే వచ్చి, ఒకటి రెండు సంతకాలతో అప్పు ఇచ్చిన్రు. ఇప్పటి మాటల్లో చెప్పాలంటే వాళ్ల కన్వర్షన్ బ్రహ్మాండంగ ఉండె. ఒకామె పేరు మీద మూడు నాలుగు అప్పులు, వారం వారం వసూలు, కట్టకపోతే ఇంటి ముందట కూర్చునుడు. ఆత్మహత్యల వార్తలు వచ్చినంక 2010 అక్టోబరులో అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆర్డినెన్స్ తెచ్చి వాళ్ల వసూళ్లకు అడ్డుకట్ట వేసింది.

ఆ మరుసటి ఏడు, 2011లో, స్త్రీనిధి వచ్చింది. ప్రభుత్వం, మండల సమాఖ్యలు కలిసి పెట్టుకున్న పరపతి సంస్థ. ఫోన్ ద్వారా అప్పు అడిగితే 48 గంటల్లో సంఘం ఖాతాలో పడాలన్నది దాని లక్ష్యం. బ్యాంకుకు తిరుగుడు పోయింది. కానీ అన్ని మెట్లూ తీసేయలేదు. సభ్యురాలు ఒక్కతే తన గదిలో కూర్చొని బటన్ నొక్కితే అప్పు రాదు. సంఘంలో మాట్లాడాలె, గ్రామ సంఘం ఒప్పుకోవాలె. ఎందుకు తీసుకుంటున్నవ్, ఎట్ల కడ్తవ్ అని అడిగే నలుగురు అక్కచెల్లెండ్లు నడుమ ఉన్నరు. తిరుగుడు అనే మెట్టు తీసిన్రు, ఆలోచన అనే మెట్టు ఉంచిన్రు. నేను పుస్తకాలు రాసిన కాలంలో చూసిన ఏర్పాట్లలో దీనికి మించిన తెలివి నాకు కనబడలేదు. ఈమెయిల్ ఉన్న ఒంటరి మనిషిని తలుచుకొని గాక, నెలకు రెండుసార్లు చాప మీద కూర్చునే సంఘాన్ని తలుచుకొని కట్టిన ఏర్పాటు అది.

మెట్లన్నీ తీసేస్తే ఏమైతదో తర్వాత పదేళ్లకు మళ్ల చూసినం. 2020లో లాక్‌డౌన్ కాలంలో ఫోన్లలో లోన్ యాప్‌లు వచ్చినయి. అయిదు నిమిషాల్లో అప్పు. నొక్కే ప్రతి 'అనుమతించు' బటన్ వెనక మన ఫోన్‌లోని పేర్లు, ఫొటోలు అన్నీ వాళ్ల చేతికి పోతున్నయని ఎవరికి తెలుసు? కట్టుడు ఆలస్యమైతే చుట్టాలందరికీ ఫోన్లు, బూతులు, మార్చిన ఫొటోలు. మన రాష్ట్రంలో ప్రాణాలు తీసుకున్నోళ్లు ఉన్నరు. ఆ డిసెంబరులో హైదరాబాద్ పోలీసులు అరెస్టులు చేసిన్రు. 2022 సెప్టెంబరులో రిజర్వు బ్యాంకు నియమాలు తెచ్చింది. అప్పు నేరుగ తీసుకునేవాళ్ల ఖాతాలోనే పడాలె, మొత్తం ఖర్చు ముందే చెప్పాలె, మనసు మార్చుకుంటే వెనక్కి కట్టే గడువు ఇయ్యాలె, ఫోన్‌లోని కాంటాక్టులు ముట్టకూడదు. ఆ తర్వాత 2023 నవంబరు 30న కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ, కొనేవాళ్లను తెర మీద మోసగించే పదమూడు ఎత్తుగడల పేర్లు పెట్టి నిషేధించింది. అడగని సరుకు బండిలో వేసుడు, 'ఇంకా రెండే ఉన్నయి' అని ఉత్తుత్తి తొందర పెట్టుడు, అసలు ధర చివర్లో బయటపెట్టుడు అందులోవే.

ఆ చివరిదాని పేరు చదివి నేను కొంచెం సిగ్గుపడ్డ. మన సైట్‌లో కొరియర్ ఖర్చు చివరి పేజీలోనే కనపడుతుండె.

ఇక మన సైట్ ఎట్ల బాగుచేసుకున్నమో చెప్త. జేకబ్ నీల్సన్ అనే నిపుణుడు 2000 సంవత్సరంలో ఒక మాట రాసిండు. సైట్‌లో ఉన్న చిక్కుల్లో చానవరకు అయిదుగురిని పక్కన కూర్చోబెట్టుకొని చూస్తేనే బయటపడ్తయి, పెద్ద సర్వే అక్కర లేదు అని. పైసలు లేని మన అసొంటోళ్లకు ఇంతకంటే మంచి వార్త ఏముంటది? మనం కూడా అయిదుగురిని కూర్చోబెట్టినం. దర్శనానికి వచ్చిన ఒక టీచరమ్మ, హన్మకొండలో డిగ్రీ చదివే మన సభ్యురాలి బిడ్డ, ఒక అంగన్‌వాడీ టీచర్, ఒక వీవోఏ, నేత పని చేసే ఒక వదిన. ఫోన్ చేతికిచ్చి "ఒక దసలి చీర కొను" అన్నం. మేం నోరు మెదపొద్దని నియమం పెట్టుకున్నం. అది చాన కష్టమైన నియమం. మా అధ్యక్షురాలు రెండుసార్లు "అగో, గదే, గక్కడ నొక్కు" అన్నది, ఆమెను బయట కూర్చోబెట్టినం.

మొదటి పేజీలో మన ప్రారంభోత్సవం ఫొటోలు, అతిథుల శాలువాలు. చీర కనపడాలంటే నాలుగుసార్లు కిందికి జరపాలె. టీచరమ్మ మూడోసారికే "ఇది ఏదో ఆఫీసు సైట్ అనుకుంట" అన్నది. డిగ్రీ బిడ్డ రిజిస్టర్ కాడ ఆగి, ఫోన్ పక్కన పెట్టి, వేరే సంగతి మాట్లాడబట్టింది. అంగన్‌వాడీ టీచర్ చిరునామా దాకా పోయింది. అక్కడ పదకొండు గడులు ఉన్నయి, పిన్‌కోడ్ తప్పు పడితే రాసినవన్నీ చెరిగిపోతున్నయి. రెండోసారి చెరిగినప్పుడు ఆమె ఏమీ అనలేదు, లేచి నీళ్లు తాగొచ్చింది.

అన్నిటికంటే మించిన సంగతి నేత వదిన పట్టుకుంది. ఆమె కొనలేదు, చూసింది. ఫొటోలో చీర పసుపుపచ్చగా మెరుస్తుంది. "గిది మనది కాదు" అన్నది. నల్లమద్ది చెట్ల మీద పెరిగిన పురుగు కట్టిన కాయల నుంచి తీసిన దారం తేనె రంగులో ఉంటది, కాయకూ కాయకూ రంగు కొద్దిగ మారుతది, పట్టుకుంటే కొంచెం గరుకు. అదే దసలి గొప్పతనం. ఫొటో తీసినోడు లైట్లు వేసి దాన్ని కంచిపట్టు లెక్క చేసిండు. కొన్న ఒకరిద్దరు కూడా రంగు వేరే ఉందని వాపస్ పంపింది ఇందుకే అని అప్పుడు అర్థమైంది.

శాలువాల ఫొటోలు తీసేసినం. రిజిస్టర్ తీసేసినం. కొరియర్ ఖర్చు ధర పక్కనే రాసినం. బండి బొమ్మ కింద 'మీ సంచి' అని తెలుగులో రాయించినం. చీరను గడప మీద, పొద్దటి వెలుతురులో, నేసినామె చేతిలో పెట్టి ఫొటో తీసినం. రంగు కొద్దిగ మారుతదని, ఎందుకు మారుతదో రెండు మాటలు రాసినం. పదకొండు గడులు నాలుగైనయి. 'వాట్సాప్‌లో అడగండి' అనే బటన్ పెట్టుడు మీద పెద్ద చర్చే జరిగింది, అట్లయితే సైట్ ఎందుకని పిలగాడు అన్నడు. గుడికాడ స్టాల్‌లో మనిషి నాలుగడుగులు పోయి మళ్లొచ్చి ఒక మాట అడుగుతదే, ఆ మాటకు జాగ కావాలె గదా అన్నం. పెట్టినం. ఎక్కువ అమ్మకాలు ఇప్పుడు ఆ బటన్ నుంచే మొదలైతున్నయి.

2025 మే 15 నుంచి 26 దాకా సరస్వతి పుష్కరాలకు కాళేశ్వరం వచ్చిన జనంలో కొంతమంది స్టాల్‌లో చీర చూసి, మోయలేక, ఇంటికి పోయినంక సైట్‌లో కొన్నరు. క్యూఆర్ అట్ట పెట్టినం. పైసలు పడంగనే తెలుగులో చెప్పే సౌండ్‌బాక్స్ పక్కన పెట్టినం. 2016లో యూపీఐ వచ్చినప్పుడు పడిందా లేదా అని ఫోన్‌లో మెసేజ్ చూసుకుంట గిరాకీని నిలబెట్టిన రోజులు యాదికొస్తయి. చదువురాని మన పెద్దమ్మలు కూడా ఇప్పుడు ధైర్యంగ గల్లా మీద కూర్చుంటున్నరు. ఆ చిన్న డబ్బా ఎవరు తలుచుకున్నరో గానీ వాళ్లకు దండం.

ఒక్క చిక్కు మాత్రం మిగిలింది. కొనేవాళ్ల దిక్కు తలుపులు తెరిచినం, మన దిక్కు తలుపు ఇంకా సగమే తెరిచి ఉంది. ఆర్డర్ వచ్చినప్పుడు అమ్మేవాళ్ల ఫోన్‌కు ఓటీపీ వస్తది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019–21 లెక్క ప్రకారం మన రాష్ట్రంలో ఎప్పుడైనా ఇంటర్నెట్ వాడిన ఆడవాళ్లు 26.5 శాతమే, మగవాళ్లలో సగం దాటిన్రు. ఆ లెక్క మన ఇంట్లో ఎట్ల ఉంటదో చెప్త. చీర నేసింది ఆమె, ఖాతా ఆమెది, ఫోన్ ఆయనది. ఆయన సింగరేణి డ్యూటీలో ఉంటడు, పొద్దుగూకినంక వస్తడు. ఓటీపీ పది నిమిషాలకే చెల్లదు. అట్ల పోయిన ఆర్డర్లు ఉన్నయి. ఏ సైట్ తయారుచేసేటోడూ ఒక ఫోన్ అంటే ఒక మనిషి అనే అనుకుంటడు.

మొన్నటి కార్యవర్గ సమావేశంలో దీని మీద తీర్మానం చేసినం. అమ్మకానికి సమాఖ్య పేరు మీద ఒక ఫోన్, ఒక నంబర్. ఆ ఫోన్‌ను వారానికొకరు చొప్పున ముగ్గురు సభ్యురాళ్లు దగ్గర పెట్టుకోవాలె, ఎవరి వారమో గోడ మీద క్యాలెండర్‌లో రాయాలె. చార్జర్ మాత్రం ఆఫీసులోనే ఉండాలని మా కోశాధికారి వదిన పట్టుబట్టి రాయించింది. మొదటి వారం ఆమెదే.